నౌక మీద నుంచి ఎగిరిన సైన్యం విమానాలు తిరిగి ఎక్కడ దిగేవి?

మూడులాంతర్ల కుర్రవాడు, విజయనగరం:
1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడిన కథ మా తాతమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. మూటాముల్లె సర్దుకుని వచ్చిన విశాఖ బంధువులకు నెల రోజులు మా ఇంట్లోనే వంటలట. ఆ విమానాలు నౌకాదళానివి, ర్యూజో నౌక నుంచి వచ్చి దాని మీదికే వెళ్లాయి. అంతవరకు అర్థమైంది. కానీ అదే యుద్ధంలో అమెరికా సైన్యం తన నేల విమానాలను కూడా నౌకల మీద నుంచి ఎగరేసిందట. అవి తిరిగి ఎలా దిగేవి?

పాత నేవీ, కళింగపట్నం:
దిగేవి కావు బాబూ. నేను నౌకాదళంలో పదిహేడేళ్లు విమానాల మరమ్మతులు చేశాను. ఎగరడం కన్నా దిగడమే కష్టమని అక్కడ మొదటి వారంలోనే తెలిసిపోతుంది. డెక్కుకు, అంటే విమానాలు దిగే నౌక పైతలానికి, అడ్డంగా కట్టిన ఉక్కు తాడును పట్టుకోవడానికి విమానం తోకకు కొక్కెం ఉండాలి. సైన్యం విమానాలకు అది లేదు. నౌక వాటిని తీరానికి దగ్గరగా మోసుకుపోయి వదిలేస్తుంది, అవి వెళ్లి నేల మీద దిగుతాయి. 1942 మేలో అమెరికా రేంజర్ నౌక 68 పీ-40 యుద్ధ విమానాలను ఆఫ్రికాలోని అక్రాకు ఇలాగే చేర్చింది.

ఎగరడానికి నౌక గాలికి ఎదురు తిరిగి పరుగెడుతుంది. నౌక వేగం 25 నాట్లు (ఒక నాటు అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు), ఎదురుగాలి 15 నాట్లు అనుకో. కదలకుండా నిలబడిన విమానానికే 40 నాట్ల గాలి తగులుతుంది. సగం పని అయిపోయినట్టే.

మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపానికి నౌకల మీద నుంచి పంపిన స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాల ముచ్చట ఇంకా బాగుంటుంది. వాటి ఫ్లాపులు, అంటే రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు, పూర్తిగా మూసుకోవాలి, లేదా పూర్తిగా దిగాలి. డెక్కు మీద నుంచి లేవడానికి కావలసింది మధ్యస్థం. ఏం చేశారనుకున్నావు? సందులో చెక్క ముక్కలు ఇరికించారు! పైకి లేచాక పైలట్ ఫ్లాపులు ఒకసారి దించితే చెక్కలు సముద్రంలో పడిపోయేవి. మా షెడ్డులో ఎవరైనా ఈ పని చేసి ఉంటే విచారణ తప్పేది కాదు.

లెక్కల మాస్టారు, బొబ్బిలి:
స్పిట్‌ఫైర్లు సైన్యానివి కావండీ, బ్రిటన్ వాయుసేనవి. అమెరికాకు 1947 దాకా వేరే వాయుసేన లేదు కనుక అక్కడివి సైన్యం విమానాలు. 'దిగేవి కావు' అన్నదీ పూర్తి నిజం కాదు. 1942 మే 9న స్మిత్ అనే కెనడా పైలట్, అదనపు పెట్రోలు ట్యాంకు పోవడంతో, కొక్కెం లేని స్పిట్‌ఫైర్‌ను వాస్ప్ నౌక మీదే దించాడు. 1940 జూన్‌లో నార్వే దగ్గర హరికేన్ అనే బ్రిటన్ యుద్ధ విమానాలు, తోక పైకి లేవకుండా అందులో ఇసుక బస్తాలు పెట్టుకుని, గ్లోరియస్ అనే బ్రిటన్ నౌక మీద దిగాయి. పాపం, జూన్ 8నే ఆ నౌకను జర్మన్లు ముంచేశారు.

పాత నేవీ, కళింగపట్నం:
ఒప్పుకున్నాను మాస్టారూ. అయితే అచ్చంగా సైన్యానిదే ఇంకొకటి చెబుతాను. 1944 జూన్‌లో పసిఫిక్‌లోని సైపాన్ ద్వీపానికి సైన్యం పీ-47 యుద్ధ విమానాలను మోసుకెళ్తున్న మనీలా బే అనే అమెరికా నౌక మీద జపాను విమానాలు దాడి చేశాయి. ముందు జాగ్రత్తగా నాలుగింటిని అప్పటికప్పుడు కాటపల్ట్‌తో, అంటే వడిసెల రాయిలా, గాల్లోకి విసిరి ఎగరేశారు.

మూడులాంతర్ల కుర్రవాడు, విజయనగరం:
ఆ చెక్క ముక్కలు పడేయడం ఎవరైనా మరిచిపోతే?

పాత నేవీ, కళింగపట్నం:
ఫ్లాపులు వేలాడేసుకుని మాల్టా దాకా పోవాలంటే పెట్రోలు చాలదు బాబూ. మరిచిపోయే వీలే లేదు.