యెన్‌చింగ్ విశ్వవిద్యాలయం: 1952లో జరిగింది విలీనమా, విచ్ఛేదమా?

చరిత్రాభిమాని:
బీజింగ్‌లోని యెన్‌చింగ్ విశ్వవిద్యాలయాన్ని 1952లో మూసివేయడాన్ని కేవలం మిషనరీ విద్యపై కక్షగా చూడటం సరికాదని నా అభిప్రాయం. 1919లో కొన్ని మిషన్ కళాశాలల కలయికతోనే పుట్టిన ఆ సంస్థ ప్రధానంగా అమెరికా విరాళాలపై నడిచేది. చైనా కొరియా యుద్ధంలోకి దిగాక, 1950 డిసెంబరులో అమెరికా చైనా ఆస్తులను స్తంభింపజేయడంతో న్యూయార్కు నుంచి వచ్చే నిధులు ఆగిపోయాయి. 1951 ఫిబ్రవరిలో ప్రభుత్వం స్వాధీనం చేసుకోకపోతే అధ్యాపకులకు జీతాలు ఎవరిచ్చేవారు?

తూర్పుకిటికీ:
అభిమాని గారూ, నిధుల సంగతి నిజమే. అయితే అది స్వాధీనానికి కారణం కావచ్చునే గాని, ముక్కలు చేయడానికి కాదు. ఆర్ట్స్, సైన్స్ శాఖలు పీకింగ్ విశ్వవిద్యాలయానికి, ఇంజనీరింగ్ బీజింగ్‌లోనే ఉన్న సింగ్‌హువా విశ్వవిద్యాలయానికి వెళ్లాయి. అమెరికా వాస్తుశిల్పి హెన్రీ మర్ఫీ రూపకల్పన చేసిన యెన్‌చింగ్ ఆవరణలోకి పీకింగ్ విశ్వవిద్యాలయమే తరలివచ్చింది. సమాజశాస్త్రానికైతే ఎక్కడా చోటు దక్కలేదు. 1922 నుంచి పెంచుకొచ్చి, 1930లో బీజింగ్ దగ్గరి చింగ్‌హె ప్రాంతానికి వెళ్లి అక్కడి జనజీవనాన్ని అధ్యయనం చేసిన ఆ శాస్త్రాన్ని దేశమంతటా రద్దు చేశారు. 1979లో దానిని తిరిగి నిలబెట్టే పని ఇదే శాఖలో చదివిన ఫెయ్ షియావోతుంగ్ భుజాన పడింది. ఇక లూ చివెయ్ విషయం నన్ను మరీ బాధిస్తుంది. 1941లో జపాన్ సైన్యం యెన్‌చింగ్‌ను మూసినప్పుడు జైలుకు వెళ్లిన ఆ పెద్దమనిషినే, తరువాత విశ్వవిద్యాలయ అధిపతిగా ఉండగా, 1952 నాటి ‘ఆలోచనా సంస్కరణ’ (మేధావుల భావాలను కమ్యూనిస్టు దారికి తెచ్చే ఉద్యమం) సభలలో అమెరికా సామ్రాజ్యవాదానికి తొత్తుగా నిందించారు. దీనిని పరిపాలనా సర్దుబాటు అనగలమా?

చరిత్రాభిమాని:
లూ చివెయ్ పట్ల జరిగినది అన్యాయమే. దానిని నేను సమర్థించను. కానీ సింగ్‌హువా మిషనరీ సంస్థ కాదు కదా. అదే ఏడాది సోవియట్ నమూనా ప్రకారం దాని ఆర్ట్స్, సైన్స్ శాఖలను కూడా తొలగించి, దానిని ఇంజనీరింగుకు పరిమితం చేశారు. గురి మతం మీద కాక, అన్ని శాస్త్రాలనూ ఒకేచోట బోధించే విశ్వవిద్యాలయ పద్ధతి మీద ఉందని నేననేది అందుకే.

తూర్పుకిటికీ:
ఆ పోలిక సబబే, కాకపోతే సగమే. సింగ్‌హువా శాఖలు పోగొట్టుకున్నా పేరు నిలుపుకుంది, తరువాత ఆ శాఖలను మళ్లీ తెరుచుకుంది. ప్రొటెస్టెంట్ మిషన్లు స్థాపించిన 13 కళాశాలల్లో ఒక్కటైనా ఆనాటి పునర్వ్యవస్థీకరణ తరువాత చైనా ప్రధాన భూభాగంలో సొంత పేరుతో మిగలలేదు. వాటి వారసత్వాన్ని కొనసాగించేందుకు 1951లో హాంకాంగ్‌లో చుంగ్ చీ కళాశాలను స్థాపించుకోవలసి వచ్చింది. మీరన్న సోవియట్ నమూనా శాఖల పంపకాన్ని వివరిస్తుంది గాని, ఈ పేర్లన్నీ ఎందుకు పోయాయో వివరించదు.