చిన్న ప్రాజెక్టుకు కూడా రిక్వైర్‌మెంట్స్ రాసి సంతకం తీసుకోవాలా?

కావలి కుర్రాడు (చర్చ మొదలుపెట్టినది)

నెల్లూరులో నలుగురం కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్నాం. పోయిన ఏడాది రొయ్యలు కొనే ఒక వ్యాపారికి యాప్ చేశాం. పట్టుబడి రోజు చెరువు గట్టు మీద తూకం, కౌంట్ ఎక్కిస్తే రైతుకు ఎంత ఇవ్వాలో లెక్క రావాలి. రెండుసార్లు ఆయన షెడ్డులో కూర్చుని టీ తాగుతూ మాట్లాడాం, నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసుకున్నాం. అంతే.

"కౌంట్ పెరిగేకొద్దీ రేటు మారాలి" అన్నాడాయన. కోడ్ రాసిన మావాడిది హైదరాబాద్. పెరిగితే పెరగడమే కదా అనుకున్నాడు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయి అని. 30 కౌంట్ పెద్ద రొయ్య, 100 కౌంట్ చిన్నది. కౌంట్ పెరిగితే రేటు పడిపోతుంది. ట్రయల్ రోజు మా యాప్ చిన్న రొయ్యకు ఎక్కువ డబ్బు చూపించింది. గట్టు మీద అందరూ నవ్వారు. అది గంటలో సరిచేశాం.

అసలు గొడవ తర్వాత వచ్చింది. రేట్లు 30, 40, 50 అని పదుల్లో చెప్తారు. మరి చెరువులో 43 పడితే? మేం 40 రేటే వేశాం. ఆయన లెక్క వేరు. 40కీ 50కీ మధ్య తేడాను పదితో భాగించి, ఒక్కో కౌంట్‌కు అంత చొప్పున తగ్గిస్తాడట. 40కి 400 రూపాయలు, 50కి 370 అనుకుంటే, 43కి 391 రావాలి. మాది 400 చూపించింది. టన్నుల మీద ఆ తొమ్మిది రూపాయలు ఎంతవుతాయో మీరే చూసుకోండి. "ఇది కూడా చెప్పాలా? మా ఊళ్లో చిన్నపిల్లాడికి తెలుసు" అన్నాడు. ఆఖరి విడత డబ్బు ఇంకా రాలేదు.

ఇప్పుడొక రైస్ మిల్లు పని వచ్చింది. ప్రోగ్రాం ఏమేం చేయాలో, అంటే రిక్వైర్‌మెంట్స్, నలభై పేజీల డాక్యుమెంట్‌గా రాసి సంతకం తీసుకున్నాకే కీబోర్డు ముట్టుకుందాం అని ఒక పార్ట్‌నర్ అంటున్నాడు. యూజర్ స్టోరీలు, అంటే వాడేవాడికి ఏం కావాలో ఒక్కో వాక్యంలో, కార్డుల మీద రాసుకుంటే చాలని ఇంకొకాయన. మీరేమంటారు?

ఒంగోలు పాత బీఏ

తీసుకోవాల్సిందే. పద్నాలుగేళ్లుగా బిజినెస్ అనలిస్ట్‌గా తింటున్న తిండి ఇదే, కాబట్టి నా మాటలో కాస్త స్వార్థం ఉందనుకున్నా పర్లేదు.

అయితే తమ్ముడూ, నీ కథలో తప్పు సంతకం లేకపోవడం కాదు. మీరు రాసుకున్నది ఆయన మాట, రిక్వైర్‌మెంట్ కాదు. క్లయింట్ నోటినుంచి వచ్చిందల్లా రిక్వైర్‌మెంట్ అయిపోదు. ఆ మాట వెనకున్న అవసరాన్ని తవ్వి, కట్టేవాడు వాడుకునేలా పెడితేనే అవుతుంది. అందుకే మా వృత్తిలో దీన్ని సేకరణ అనం, రాబట్టడం అంటాం. మామిడికాయలు రాలి ఉంటే ఏరుకోవచ్చు. ఇవి రాలవు.

2003లో మొదలైన ఐఐబీఏ అనే మా వృత్తి సంస్థ గైడ్‌లో రిక్వైర్‌మెంట్లు రకాలుగా విడదీసి ఉంటాయి. నీ రొయ్యల మీదే పెట్టి చెప్తా. వ్యాపారికి ఎందుకు కావాలి? లెక్క తప్పుల్లేకుండా రైతుకు అదే రోజు చీటీ ఇవ్వాలి. అది బిజినెస్ రిక్వైర్‌మెంట్. ఎవరెవరికి ఏం కావాలి? గట్టు మీద సూపర్‌వైజర్‌కు ఒకటి, ఆఫీసులో గుమాస్తాకు ఇంకొకటి, చీటీ తీసుకునే రైతుకు మరొకటి. ఇవి స్టేక్‌హోల్డర్లవి. మీరు వ్యాపారి ఒక్కడితోనే మాట్లాడారు. సూపర్‌వైజర్‌ను అడిగి ఉంటే 43 సంగతి మొదటి టీకే బయటపడేది. యాప్ ఏం చేయాలన్నది ఫంక్షనల్, మధ్య కౌంట్ల లెక్క అందులోకి వస్తుంది. ఎలా నడవాలన్నది నాన్ ఫంక్షనల్. గట్టు మీద సిగ్నల్ ఉండదు, చేతులు తడిగా ఉంటాయి, ఎండలో స్క్రీన్ కనపడదు. వీటిని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. ఆఖరున ట్రాన్సిషన్, పాత పద్ధతి నుంచి కొత్తదానికి మారడం: పాత ఖాతా పుస్తకంలో రైతుల బాకీలు, అడ్వాన్సులు యాప్‌లోకి ఏ రోజున, ఎవరు ఎక్కించాలి? ఈ ప్రశ్న అడగని ప్రాజెక్టులు మొదటి వారంలోనే ఏడుస్తాయి.

ఇవన్నీ రాయకుండా గుర్తుంటాయా?

చీమకుర్తి కోడర్

అన్నా, రాయొద్దని ఎవరన్నారు? నా గొడవంతా ముందే మొత్తం రాసి, సీలు వేసి, సంతకం పెట్టించడం మీద.

మా ఊరి గ్రానైట్ సంగతి చెప్తా. క్వారీలో బ్లాకు బయటికి తీసినప్పుడు అన్ని వైపులా చూస్తారు, నీళ్లు చల్లి చూస్తారు. అయినా రంపం కింద పెట్టి పలకలు కోశాకే కొన్ని పగుళ్లు బయటపడతాయి. సాఫ్ట్‌వేర్ కూడా అంతే. ట్రయల్ రోజున వ్యాపారి స్క్రీన్ మీద 43 చూశాకే తన నియమం ఆయనకు గుర్తొచ్చింది. నలభై పేజీలు రాసినా ఆ 43 అందులో ఉండేది కాదు. ఎందుకంటే అడగాలని వీళ్లకు తెలియదు, చెప్పాలని ఆయనకు తోచలేదు.

రెండు వారాలకొకసారి నడిచే ముక్క చూపిస్తే ఆ గొడవ పదో రోజే తేలేది. ఇలా చిన్న ముక్కలుగా చేసి చూపిస్తూ పోయే పద్ధతులను ఎజైల్ అంటారు. 2001లో ఎజైల్ మేనిఫెస్టో అనే ప్రకటన రాసిన పదిహేడు మంది చెప్పిందీ ఇదే. భారీ డాక్యుమెంట్ల కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కే విలువ ఎక్కువ.

ఒంగోలు పాత బీఏ

ఆ మేనిఫెస్టోను అందరూ సగమే చదువుతారు. కుడివైపు ఉన్నవాటికీ (డాక్యుమెంట్ల లాంటివి) విలువ ఉంది, ఎడమవైపు వాటికి (పనిచేసే సాఫ్ట్‌వేర్ లాంటివి) ఇంకా ఎక్కువ అని దాని చివరి వాక్యం. డాక్యుమెంట్ పారేయమని అందులో ఎక్కడా లేదు.

యూజర్ స్టోరీ కూడా ఉత్త కార్డు ముక్క కాదు. కార్డు, సంభాషణ, నిర్ధారణ అని మూడు ఉండాలని దాన్ని ప్రచారం చేసినవాళ్లే చెప్పారు. మన కుర్రాళ్లు కార్డు రాస్తారు, సంభాషణ వాట్సాప్‌లో చేస్తారు, నిర్ధారణ దగ్గర చేతులెత్తేస్తారు. "సూపర్‌వైజర్‌గా నాకు కౌంట్ ఎక్కిస్తే రేటు రావాలి." ఇది స్టోరీయే. దాని కింద "40కి 400, 50కి 370 ఉన్నప్పుడు 43 ఎక్కిస్తే 391 రావాలి" అనే లైను లేకపోతే పని ఎప్పుడు పూర్తయినట్టు? ఆ లైను పేరే యాక్సెప్టెన్స్ క్రైటీరియా.

చీమకుర్తి కోడర్

ఆ లైను రాయడానికి నేనూ ఒప్పుకుంటా. దానికి సంతకం ఎందుకు?

మూలాపేట లెక్కలు

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను, అకౌంట్స్ చూస్తా. ఇలాంటి ప్రోగ్రాములు మూడు నా నెత్తిన పడ్డాయి కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటా.

మీ ఇద్దరి వాదనలో అసలు సంగతి పక్కకు పోతోంది. మాటల అర్థం ముందు తేల్చుకోండి. రైస్ మిల్లు అన్నారు కదా. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. డెల్టా వైపు నుంచి వచ్చినవాడికి 75 కిలోల బస్తా అలవాటు. ప్రభుత్వం మద్దతు ధర క్వింటాల్‌కు ప్రకటిస్తుంది. ఒకే మిల్లులో మూడు కొలతలూ నడుస్తాయి. "రేటు" అని ఒక గడి పెడితే అది దేనికి రేటు? స్థలాల వ్యాపారికి చేసిన ప్రోగ్రాంలో ఇలాగే అంకణం దగ్గర బోల్తా పడ్డారు. మనకు అంకణం అంటే 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు 36. ప్రోగ్రాం రాసినాయన తిరుపతి మనిషి.

కాబట్టి మొదటి పేజీలో పదాల పట్టిక ఉండాలి. పుట్టి, బస్తా, తరుగు, తాలు, కౌంట్, ఏది ఉంటే అది. ఒక్కోదానికి ఒక్క వాక్యం. మీరు దాన్ని గ్లాసరీ అనండి, డేటా డిక్షనరీ అనండి, నాకు అనవసరం.

ఇంకొకటి. సంతకం పెట్టాక ఏదీ మారదనుకోవడం భ్రమ. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు వ్యాట్‌కు చేసిన బిల్లు ఫార్మాట్లన్నీ ఒక్కరోజులో మూలపడ్డాయి. 2022 ఏప్రిల్ 4న కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు కోడ్‌లోనే రాసేసినవాళ్లు ఎంత తిప్పలు పడ్డారో నాకు తెలుసు, కస్టమర్లతో ఫోన్లో మాట్లాడింది నేనే. పన్ను చట్టం మన చేతిలో లేని హద్దు, అది కన్‌స్ట్రెయింట్. జిల్లా మారదులే అనుకోవడం ఊహ, అది అజంప్షన్. ఈ రెంటినీ ఒకే పేరా కింద కలిపి రాసిన డాక్యుమెంట్లు చూశాను. హద్దును పాటించాలి, ఊహను అప్పుడప్పుడూ తట్టి చూడాలి. రెండూ ఒకటి కాదు.

ముత్తుకూరు చెరువులు

అబ్బయ్యా, నేను రొయ్యలు పెంచేవాణ్ణి. ఈ చర్చ మా అల్లుడు పంపించాడు. ముందుగా ఒక మాట: 43కి 40 రేటు వేసిన యాప్ మాకు బాగానే ఉంది, దాన్ని మార్చబాకండి.

సంతకం దగ్గరికి వస్తే, మీకది కాగితం. మాకు సంతకం అంటే ప్రోనోటు. వేలిముద్ర వేసి పొలాలు పోగొట్టుకున్నోళ్ల కథలు వింటా పెరిగినోళ్లం. మీరు ఇంగ్లీషులో నలభై పేజీలు తెచ్చి ఆఖరి పేజీ తిప్పి ఇక్కడ పెట్టండి సార్ అంటే, ఒకడు భయపడి పెట్టడు, ఇంకొకడు మొహమాటానికి చదవకుండా పెడతాడు. చదవకుండా పెట్టిన సంతకం మీకేం పనికొస్తుంది? కోర్టుకు పోతారా, ఆఖరి విడత కోసం?

మా మేత కంపెనీ ఏజెంటు ఉండాడు. వచ్చినప్పుడల్లా పాత లెక్క చదివి వినిపిస్తాడు. "ఇంతేనా పెద్దాయనా?" అంటాడు. ఇంతే అంటేనే పోతాడు. ఇన్నేళ్లలో ఒక్క గొడవ లేదు.

ఒంగోలు పాత బీఏ

పెద్దాయనా, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నా. చదవని సంతకాలు నేనూ తీసుకున్నా. పెద్ద కంపెనీల్లో కూడా చదవరు, వాళ్లకు ఇంగ్లీషు వచ్చి కూడా.

కానీ సంతకానికి నేను చెప్పే అర్థం ప్రోనోటు కాదు. ఫలానా తేదీకి ఇద్దరం ఇలా అనుకున్నాం అని ఒక గీత గీయడం. మేం బేస్‌లైన్ అంటాం. గీత ఉంటే, దాని తర్వాత అడిగింది కొత్తదని తెలుస్తుంది. దానికి ఎంత, ఎన్నిరోజులు అని మాట్లాడుకోవచ్చు. అది మార్పుల నియంత్రణ. గీత లేకపోతే ప్రతి కొత్త కోరికా "మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా" అవుతుంది. స్కోప్, అంటే పని పరిధి, పెరగడం అలాగే మొదలవుతుంది, గట్టు మీద తుమ్మచెట్టులాగా.

మేత ఏజెంటు చేసేది సరిగ్గా వాలిడేషనే. తమ్ముడూ, ఈ తేడా పట్టుకో. మీరు నోట్‌బుక్‌లో రాసుకున్నట్టే యాప్ నడిచిందా అని చూడటం వెరిఫికేషన్. అందులో మీరు పాసయ్యారు. నోట్‌బుక్‌లో రాసుకున్నదే ఆయనకు కావలసిందా అని చూడటం వాలిడేషన్. అందులో పోయారు.

చీమకుర్తి కోడర్

ఇప్పుడు దారికొచ్చారు. అయినా డబ్బు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. ఇదంతా కాంట్రాక్టును బట్టి ఉంటుంది. నెలకింత అని మాట్లాడుకుంటే మార్పు వచ్చినా మనకు నష్టం లేదు, కార్డులు చాలు. మొత్తానికింత అని ఒప్పుకుంటే గీత లేకుండా బతకలేం, అక్కడ అన్నతో నేనూ ఏకీభవిస్తా. మన ఊళ్లలో క్లయింట్లు రెండో రకమే. నెలకింత అంటే "మీరు నిదానంగా చేస్తారేమో" అని అనుమానం.

ప్రాధాన్యాలు కూడా అలాగే. తప్పనిసరి, ఉండాల్సినవి, ఉంటే బాగుండేవి, ఈసారికి వద్దు అని మాస్కో (MoSCoW, ఊరి పేరు కాదు, ఆ నాలుగింటి ఇంగ్లీషు పొడి అక్షరాలు) పద్ధతిలో నాలుగు గుంపులు చేయమంటే, మా క్లయింట్ అన్నీ మొదటి గుంపులోనే పెట్టాడు. చివరికి ఒక్కటే అడిగా: "రేపు పొద్దున షాపు తెరవాలంటే ఏది లేకపోతే కుదరదు?" పద్నాలుగు తప్పనిసరి పనులు నాలుగయ్యాయి.

కావలి కుర్రాడు

అందరికీ థాంక్స్. మా నలుగురం రాత్రి కూర్చున్నాం. నలభై పేజీల ప్లాన్ మానేశాం, పార్ట్‌నర్ కాస్త అలిగాడు. తెలుగులో నాలుగు పేజీలు: మొదట పదాల పట్టిక, తర్వాత తప్పనిసరి పనులు, ఒక్కోదాని కింద అంకెలతో ఉదాహరణ. ఆదివారం మిల్లుకు వెళ్లి చదివి వినిపిస్తాం. ఓనర్‌తో పాటు కాటా దగ్గర ఉండే మనిషినీ కూర్చోబెట్టమన్నాం. సంతకం బదులు ఆ నాలుగు పేజీలూ ఓనర్ వాట్సాప్‌కు పంపి "సరే" అనిపించుకుంటాం. అన్నకు ఇది నచ్చదని తెలుసు.

ఒంగోలు పాత బీఏ

"సరే" సరిపోదు. "4 పేజీలూ విన్నాను, సరే" అని రాయించు. ఒక్కో పనికీ నంబరు వేయి. ఏ నంబరు ఎవరు అడిగారు, ఏ స్క్రీన్‌లో ఉంది, ఏ టెస్టుతో చూశారు అని ఎక్సెల్‌లో నాలుగు గళ్లు పెట్టు. ట్రేసబిలిటీ మ్యాట్రిక్స్ అని పెద్ద పేరు, ఉన్నది అంతే.

మూలాపేట లెక్కలు

తరుగు అని పట్టికలో ఏం రాశారు?

కావలి కుర్రాడు

"తేమ, తాలు వల్ల తూకంలో తగ్గించేది" అని.

మూలాపేట లెక్కలు

రెంటికీ కలిపి ఒకటే లెక్కా, వేరువేరా?

కావలి కుర్రాడు

ఒకటే అనుకున్నాం.

మూలాపేట లెక్కలు

అనుకున్నారా, అడిగారా?

కావలి కుర్రాడు

ఇప్పుడే ఫోన్ చేశా. తేమకు ఒకటి, తాలుకు ఒకటి వేరువేరంట. గోతం బరువుకు ఇంకోటి ఉందంట, దాన్ని ఆయన తరుగు అనడంట, ఊరికే "గోతం" అంటాడంట. పట్టిక మారుస్తున్నా.