‘డెడ్ మ్యాన్స్ హ్యాండ్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఒక అనువాద కథలో ‘అతని చేతిలో చచ్చినవాడి చెయ్యి ఉంది’ అన్న వాక్యం చదివి తెల్లబోయాను. మూలంలో ‘డెడ్ మ్యాన్స్ హ్యాండ్’ అని ఉందట. ఈ మాట ఎలా పుట్టిందో, తెలుగులో దీన్ని ఏమనాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు: ఆ వాక్యంలో శవమూ లేదు, చెయ్యీ లేదు, ఉన్నవి పేకముక్కలు. ఆటగాడికి పడిన ముక్కలన్నిటినీ కలిపి ఆంగ్లంలో ‘హ్యాండ్’ అంటారు. మన పేకాటలో ‘నాకు మంచి ముక్కలు పడ్డాయి’ అంటారు గాని, ‘మంచి చెయ్యి పడింది’ అనగా నేను వినలేదు. పోకర్ అనే పేకాట ఆడేవారు ‘డెడ్ మ్యాన్స్ హ్యాండ్’ అన్నప్పుడు వారి ఉద్దేశం రెండు ఆసులు, రెండు ఎనిమిదులు. నల్లవే కావాలని పట్టుబట్టేవారి లెక్కలో అవి ఇస్పేటు ఆసు, కళావరు ఆసు, ఇస్పేటు ఎనిమిది, కళావరు ఎనిమిది.

ఈ పేరును వైల్డ్ బిల్ హికాక్ అనే తుపాకీవీరుడి చావుతో ముడిపెడతారు. 1876 ఆగస్టు 2న, అమెరికాలోని డకోటా ప్రాంతంలో బంగారం వేటగాళ్లతో కొత్తగా వెలసిన డెడ్‌వుడ్‌లో, ఆయన ఒక సెలూన్‌లో పోకర్ ఆడుతున్నాడు. (మన వాడుకలో సెలూన్ అంటే క్షవరం చేసే చోటు కాబట్టి ఇక్కడ మద్యశాల అనడమే క్షేమం.) ఎప్పుడూ గోడకు వీపు ఆనించి కూర్చునే హికాక్‌కు ఆ రోజు ఆ చోటు దొరకలేదు; అక్కడ కూర్చున్న చార్లెస్ రిచ్‌ను మారమని అడిగినా ఆయన ఒప్పుకోకపోవడంతో, తలుపుకు వీపు పెట్టి ఆడవలసివచ్చింది. జాక్ మెకాల్ వెనకనుంచి వచ్చి తలలో కాల్చాడు. గుండు చెంపలోనుంచి బయటకు వచ్చి, ఎదురుగా ఆడుతున్న మాసీ అనే ఆయన మణికట్టుకు తగిలింది.

ఇంతవరకు చరిత్ర. ఆ క్షణాన హికాక్ చేతిలో ఏ ముక్కలున్నాయన్నదానికి మాత్రం ఆనాటి వార్తల్లో ఆధారం కనబడదు. ఆసులు, ఎనిమిదుల మాట స్థిరపడింది ఫ్రాంక్ విల్‌స్టాక్ 1926లో ప్రచురించిన హికాక్ జీవితచరిత్రతో, అంటే హత్య జరిగిన యాభై ఏళ్లకు. శవాన్ని ఖననానికి సిద్ధం చేసిన ఎల్లిస్ పియర్స్ అనే క్షురకుడు చెప్పిన మాటగా విల్‌స్టాక్ దాన్ని రాశాడు.

భాషాపరంగా నాకు ఆసక్తి కలిగించేది ఇక్కడే. ‘డెడ్ మ్యాన్స్ హ్యాండ్’ అన్న పేరు అంతకు ఎంతో ముందే వాడుకలో ఉంది, అయితే ముక్కలు వేరు: 1886 నాటి ఒక ప్రస్తావనలో మూడు జాకీలు, రెండు పదులు, 1907 నాటికి జాకీలు, ఎనిమిదులు. పేరు ముందు పుట్టి, ముక్కలు మారుతూ వచ్చి, చివరకు ఒక ప్రసిద్ధుడి చావు దగ్గర ఆగిందన్నమాట. కనుక ‘హికాక్ వల్లనే ఈ పేరు వచ్చింది’ అని అనువాదకుడు అధస్సూచిక రాస్తే తప్పవుతుంది. ‘అని చెబుతారు’ అన్న రెండు మాటలు చేర్చక తప్పదు.

తెలుగు మాటగా నేను ‘పోయినవాడి ముక్కలు’ అంటాను. పేకాటవారి నోట పలకగలిగేది అదే.

మరో ప్రశ్న: ‘మృతహస్తం’ అంటే క్లుప్తంగా, గంభీరంగా ఉండదా?

జవాబు: గంభీరంగానే ఉంటుంది, కానీ హస్తం అనగానే పాఠకుడికి మళ్లీ చెయ్యే కనబడుతుంది, మీ మొదటి ఇబ్బంది తీరదు. పైగా మద్యశాలలో కూర్చున్న జూదరి నోట సంస్కృత సమాసం పలికించడం నాకు రుచించదు. ‘పోయినవాడి ముక్కలు’ మొదటిసారి వచ్చినచోట ‘రెండు ఆసులు, రెండు ఎనిమిదులు’ అని వాక్యంలోనే కలిపేస్తే అధస్సూచిక అవసరం కూడా తగ్గుతుంది. పోకర్‌లో చేతికి ఐదు ముక్కలుండాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ఐదో ముక్క విషయంలో ఎవరి కథ వారిది. అనువాదంలో దాని జోలికి పోనవసరం లేదు.