పాత ఫోన్ ఫోటోలు గూగుల్‌లో ఎక్కించి దించుకోవాలా, వైర్ పెట్టి కాపీ చేయాలా? ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చేలోపు చెప్పండి

తుంగభద్ర_ఒడ్డు, కర్నూలు

అన్నలకూ అక్కలకూ నమస్తే. మా అమ్మకు కొత్త ఫోన్ బుక్ చేసినాం, పాతది ఎక్స్‌చేంజ్‌లో పెట్టినాం, కొత్తది తెచ్చే మనిషే పాతది తీసుకొని పోతాడంట. పాతది 64 జీబీది, ఏం చేయబోయినా స్టోరేజ్ నిండింది అనే చెప్తాంది. మా జేజి ఫోటోలు, వీడియోలు అన్నీ అందులోనే ఉండాయి, ఆమె పోయినంక అమ్మ రోజూ వాటినే చూసుకుంటాది. మా బావేమో గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ ఆన్ చేసి కొత్తదాంట్లో అదే మెయిల్ పెడితే అన్నీ వాటంతట అవే వస్తాయి అంటాడు. మా తమ్ముడు వద్దంటే వద్దు, వైర్ పెట్టి కాపీ చేద్దాం అంటాడు. ఇంట్లో రెండు పార్టీలైపోయినాయి. ఏది మేలో చెప్పండి, ఎందుకు మేలో కూడా చెప్పండి.

గుత్తికోట_గాలి, అనంతపురం

మీ తమ్ముడి మాటే కరెక్ట్. లెక్క వేసి చూడండి అక్కా. 64 జీబీ నిండిందంటే అందులో 40 జీబీ దాకా ఫోటోలు వీడియోలే అనుకుందాం. గూగుల్ ఊరికే ఇచ్చేది 15 జీబీ, అది కూడా జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడింటికీ కలిపి. 2021 జూన్ 1 కి ముందు హై క్వాలిటీ అనే సెట్టింగ్‌లో (సైజు కొంచెం తగ్గించి దాచేది) ఎక్కించినవి లెక్కలోకి రావు, ఆ తర్వాతవి అన్నీ వస్తాయి. వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఆ 15 లోనే పడతాది. సరే డబ్బు కట్టి ఎక్కువ తీసుకున్నారనుకోండి, ఎక్కేదెట్ల? అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే 40 జీబీకి దాదాపు 18 గంటలు. ఇంట్లో వైఫై లేక రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద నడిపేవాళ్లకు 27 రోజులు, ఆ రోజుల్లో వేరే దేనికీ నెట్ వాడకుండా ఉంటేనే. మళ్లీ కొత్త ఫోన్‌లో దించుకోవాలంటే అంతే డేటా ఇంకోసారి. వైర్ పెడితే పాత యూఎస్‌బీ 2.0 స్పీడ్‌లో కూడా ఒక గంట, కాదంటే రెండు గంటలు.

ఇంకోటి, ఇది చానా మందికి తెలీదు. గూగుల్ ఫోటోస్ మామూలుగా కెమెరా ఫోల్డర్‌ని మాత్రమే ఎక్కిస్తాది. వాట్సాప్ ఫోల్డర్ కావాలంటే సెట్టింగ్స్‌లోకి పోయి విడిగా ఆన్ చేయాల. మీ జేజి ఫోటోలు అమ్మగారు ఆ ఫోన్‌తో తీసినవేనా, లేక ఫ్యామిలీ గ్రూపులో వచ్చినవా? గ్రూపులో వచ్చినవైతే బ్యాకప్ పూర్తయింది అని స్క్రీన్ మీద చూపించినా జేజి ఫోటో ఒక్కటి కూడా పైకి ఎక్కి ఉండదు. నాకు భయమంతా దీని గురించే.

కేసీ_కెనాల్, కర్నూలు

వైర్ పార్టీ వాళ్లను ఒకటే అడుగుతా. వైర్‌తో కాపీ చేసినంక ఆ ఫోటోలు యాడ ఉంటాయి? ఇంకో ఫోన్‌లో, అదే ఇంట్లో. ఆ ఫోన్ బస్సులో పోతే? నీళ్లలో పడితే?

నేను కర్నూలు పాతబస్తీలో పెరిగినోణ్ణి. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినప్పుడు కట్టుబట్టలతో మిద్దెల మీదికి ఎక్కినోళ్లకు ఆల్బమ్‌లు గుర్తుంటాయా? నీళ్లు తీసినంక మా ఇంట్లో పెళ్లి ఆల్బమ్ తెరిస్తే పేజీలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయినాయి, లాగితే మొఖాల రంగు ఎదుటి పేజీకి అంటుకొని వచ్చింది, చీరల అంచులు మాత్రం మిగిలినాయి. కడప జిల్లాలో 2021 నవంబర్‌లో అన్నమయ్య డ్యామ్ కట్ట తెగినప్పుడు చెయ్యేరు ఒడ్డున ఊళ్లకు ఊళ్లే మునిగినాయి కదా, అక్కడ కూడా ఇంట్లో దాచిందంతా ఇంటితోనే పోయింది. అందుకే ఊరు దాటిన చోట ఒక కాపీ ఉండాలని నేను మొత్తుకునేది. 100 జీబీకి నెలకు 130 రూపాయలు. వాళ్ల జేజి ఫోటోల కోసం ఆ మాత్రం పెట్టుకోలేమా?

రాయచోటి_రోడ్డు, కడప

ఇంత చర్చ ఎందుకప్పా, కావాల్సిన నూరు ఫోటోలు ఏరుకొని వాట్సాప్‌లో కొత్త నంబర్‌కి పంపించుకుంటే పోలా? పదివేల ఫోటోల్లో గుడ్ మార్నింగ్‌లు, పండగ గ్రీటింగ్‌లు, కరెంటు బిల్లులే సగం. అవన్నీ మోసుకొనిపోయి కొత్త ఫోన్ కూడా నింపేది ఎందుకు? ఏరుకుంటే మనకు ఏది ముఖ్యమో మనకే తెలుస్తాది, అమ్మకు కూడా వెతుక్కునే బాధ ఉండదు. నేను మనస్ఫూర్తిగా చెప్తున్నా, అన్నీ దాచుకోవడం కన్నా కొన్ని బాగా చూసుకోవడం మేలు.

ఏడురోడ్ల_సర్వీస్, కడప

నేను ఏడు రోడ్ల దగ్గర ఫోన్ రిపేర్ చేస్తా, చానా ఏళ్ల నుంచి ఇదే పని. ఒక్కొక్కటి చెప్తా, పొడుగైనా చదవండి.

రాయచోటి అన్నా, ఏరుకునేది మంచిదే కానీ వాట్సాప్‌లో పంపొద్దు. ఫోటో మామూలుగా పంపితే సైజు తగ్గించి పంపుతాది, దాంతోపాటు ఫోటో ఏ రోజు తీసినారు అని లోపల రాసి ఉండే వివరం కూడా పోతాది. 2016 లో తీసిన ఫోటో కొత్త ఫోన్ గ్యాలరీలో ఈ రోజు తేదీ కింద కూర్చుంటాది. వాట్సాపే కావాలంటే డాక్యుమెంట్‌గా పెట్టి పంపండి, అప్పుడు ఉన్నది ఉన్నట్టు పోతాది, ఒక్కో ఫైల్ 2 జీబీ దాకా పోతాది. దగ్గరదగ్గరగా రెండు ఫోన్లూ పెట్టుకున్నప్పుడు ఆండ్రాయిడ్‌లో ఫోన్ నుంచి ఫోన్‌కి నేరుగా పంపే క్విక్ షేర్ ఉండనే ఉంది, నెట్ ఖర్చు కూడా లేదు. ఒకప్పుడు అందరూ వాడిన షేరిట్, జెండర్ 2020 జూన్‌లో టిక్‌టాక్‌తో పాటే బ్యాన్ అయినాయి, ఇప్పుడు వాటి పేరుతో నెట్‌లో యాడ యాడనో దొరికే ఫైళ్లు పెట్టుకోవద్దు.

ఏరే పని ముందు కాదు, తర్వాత పెట్టుకోండి. ముందు మొత్తం కాపీ, ఏరుకునేది కొత్త ఫోన్‌లో తీరిగ్గా. తొందరలో పాత ఫోన్‌లో ఏరడం మొదలుపెట్టి వేలు జారి డిలీట్ అయినవి మా దగ్గరికి రోజూ వస్తాయి. గూగుల్ ఫోటోస్ యాప్‌లో డిలీట్ కొడితే ఫోన్‌లో పోతాది, పైన గూగుల్‌లో దాచింది కూడా పోతాది, రెండూ ఒకటే అని జనానికి తెలీదు. ట్రాష్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు ఉంటాయి, తర్వాత ఎవరూ తేలేరు.

వైర్ విషయం. చార్జ్ చేసే ప్రతి వైరూ డేటా పంపదు, బండి మీద కొనే తక్కువ ధర వైర్లలో కొన్నిట్లో చార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. వైర్ పెట్టినంక చార్జింగ్ అనే చూపిస్తూ ఉంటే ఫోన్ మీద నోటిఫికేషన్ లాగి ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కండి, ఆ ఆప్షనే లేకపోతే వైర్ మార్చండి. పాత ఫోన్‌ది పాత రకం మైక్రో యూఎస్‌బీ పిన్ను, కొత్తదానిది సి పిన్ను అయితే రెండు ఫోన్లనూ వైర్‌తో కలిపేదానికి చిన్న ఓటీజీ ముక్క (అడాప్టర్) కావాల. కాపీ చేయండి, కట్ చేయొద్దు, మధ్యలో వైర్ కదిలితే కట్‌లో ఉన్న ఫైల్ రెండు వైపులా లేకుండా పోయే ప్రమాదం ఉంది. కెమెరా ఫోటోలు ఉండే డీసీఐఎం ఫోల్డర్ ఒక్కటే కాదు, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ కూడా చూడండి. వాట్సాప్‌వి ఇప్పటి ఫోన్లలో ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్ లోపల మీడియా అని ఉంటాది, దాంట్లో ఉంటాయి. వాటికి తేదీలు చెదిరినాయి అని భయపడొద్దు, ఆ ఫైల్ పేరులోనే సంవత్సరం, నెల, రోజు అంకెలు ఉంటాయి, పేరు వరసలో పెడితే వాట్సాప్‌లో వచ్చిన తేదీ వరసలో నిలబడతాయి. గూగుల్ ఫోటోస్‌లో లాక్డ్ ఫోల్డర్ అని ఒకటి ఉంటాది, దాంట్లో ఏమన్నా దాచి ఉంటే బయటికి తీయండి, వైర్‌కి అది కనపడదు.

చివరికి అసలు మాట. వైరా గూగులా అని మీరంతా కొట్లాడతాండారు, నాకు మాత్రం ఆ ఎక్స్‌చేంజ్ అంటేనే కోపం. డెలివరీ మనిషి గుమ్మం ముందర నిలబడి తొందరపెడతాడు, ఇంట్లోవాళ్లు కంగారుగా రీసెట్ కొడతారు. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో లోపలిదంతా తాళం వేసి ఉంటాది, రీసెట్‌తో ఆ తాళంచెవే చెరిగిపోతాది, ఆ తర్వాత ఎంత పెద్ద షాపైనా ఒక్క ఫోటో తేలేదు, తెస్తామని డబ్బులడిగితే నమ్మొద్దు. పాత ఫోన్‌కి వచ్చే ఆ కొంచెం డబ్బు వదులుకోండి, ఫోన్ ఉంచుకోండి. నా గిరాకీ కోసం చెప్పడంలా.

నల్లమల_అంచు, నంద్యాల

ఫోటోలు సరే. గొంతు సంగతేంది? మీ జేజి వాయిస్ మెసేజ్‌లు పెట్టేదా? గూగుల్ ఫోటోస్ ఫోటోలు, వీడియోలే తీసుకుంటాది, ఆడియో తీసుకోదు. వాట్సాప్ ఫోల్డర్‌లోనే వాయిస్ నోట్స్ అని వేరే ఉంటాది, అది మొత్తం కాపీ చేసుకో తల్లీ. మా అత్తమ్మ మాట ఒక్కటి కూడా మాకు మిగల్లేదు, అందుకే చెప్తున్నా.

గుత్తికోట_గాలి, అనంతపురం

కేసీ కెనాల్ అన్నా, వరద మాట కాదనలేను, 2022 అక్టోబర్‌లో అనంతపురంలో నడిమివంక పొంగినప్పుడు మేము కూడా చూసినాం. కానీ దానికి గూగులే దారి అనేది ఒప్పుకోను. ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి వేరే ఊర్లో ఉన్న చెల్లెలింట్లో పెడితే సరిపోతాది. పెద్ద వీడియోలు ఉంటే మాత్రం పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసుకోండి, ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు.

అమ్మల ఫోన్లలో ఉండే ఇంకో సమస్య చెప్తా. ఆ జీమెయిల్ ఎవరు తెరిచినారు? ఫోన్ కొన్నరోజు షాపులో పిల్లోడు ఏదో ఒక పేరు, ఏదో ఒక పాస్‌వర్డ్ కొట్టి ఇచ్చింటాడు, రికవరీ నంబర్ ఇప్పుడు లేని సిమ్‌ది అయింటాది. అట్లాంటి అకౌంట్‌లోకి జేజి ఫోటోలన్నీ ఎక్కించి, పాత ఫోన్ ఇచ్చేసి, రేపు కొత్తదాంట్లో పాస్‌వర్డ్ అడిగితే ఏం చేస్తారు? రెండేళ్లు ఎవరూ వాడని అకౌంట్‌ను గూగుల్ తీసేయొచ్చు కూడా, 2023 డిసెంబర్ నుంచి ఆ రూల్ నడుస్తాంది.

కేసీ_కెనాల్, కర్నూలు

అకౌంట్ సంగతి నువ్వు చెప్పింది నూటికి నూరు నిజం, కానీ దానికి మందు ఉంది. పాత ఫోన్‌లో లాగిన్ అయ్యే ఉంది కదా, ఫోన్ చేయి దాటకముందే ఇప్పటి నంబర్ పెట్టి పాస్‌వర్డ్ మార్చుకుంటే పని అయిపోతాది. పెన్‌డ్రైవ్‌కి అట్లాంటి మందు లేదప్పా. బీరువాలో ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా పడుంటే దాంట్లో రాసింది నమ్మకంగా ఉంటాదని ఎవరూ హామీ ఇవ్వరు, చెల్లెలింట్లో దాన్ని ఏడాదికొకసారి పెట్టి చూసేదెవరు? చూడరు. గూగుల్ క్వాలిటీ తగ్గిస్తాది అనే మాట కూడా వస్తాది కాబట్టి ముందే చెప్తా, గూగుల్ ఫోటోస్‌లో స్టోరేజ్ సేవర్ అనే సెట్టింగ్ పెడితే 16 మెగాపిక్సెల్ దాటిన ఫోటోలను ఆ సైజుకు దించుతాది, వీడియోలను 1080పీ కి దించుతాది, వద్దనుకుంటే ఒరిజినల్ అని పెట్టుకోవచ్చు.

తుంగభద్ర_ఒడ్డు, కర్నూలు

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నా. గుత్తికోట అన్న అడిగినట్టు చూస్తే నిజంగానే జేజి ఫోటోలు సగానికి పైగా చిన్నాయన గ్రూపులో పెట్టినవే, కెమెరా ఫోల్డర్‌లో లేవు. అమ్మ ఫోన్ తెరిచి బావకు చూపించినాను, బ్యాకప్ పూర్తయింది అని ఉండాది, అందులో ఆ గ్రూపు ఫోటోలు ఒక్కటీ లేవు. బావ కూడా చాలాసేపు మాట్లాడలేదు. మెయిల్ కూడా మీరు చెప్పినట్టే, షాపులో చేసిందే, నాన్న పాత నంబర్ దానికి ఉంటే ఇప్పుడే మార్చినాం. ఇంట్లో ఉన్న వైర్లలో ఒకటి చార్జింగ్‌ది, తమ్ముడి వైర్‌తో ఇప్పుడు తమ్ముడి ల్యాప్‌టాప్‌లోకి కాపీ అవుతాంది. నంద్యాల అక్కా, వాయిస్ నోట్స్ ఫోల్డర్ దొరికింది, వందల్లో ఉన్నాయి, ఏది ఎవరిదో పేర్లు లేవు, అన్నీ తీసుకుంటున్నాం.

ఎక్స్‌చేంజ్ మాత్రం రద్దు చేయలేం సర్వీస్ అన్నా, ఆ తగ్గింపు లేకపోతే నాన్న ఒప్పుకోడు. డెలివరీ మాత్రం వచ్చే వారానికి జరిపించుకున్నాం.

ఏడురోడ్ల_సర్వీస్, కడప

వారం దొరికింది కదా, చాలు. కాపీ అయినంక ఎన్ని ఫైళ్లు అక్కడ, ఎన్ని ఫైళ్లు ఇక్కడ అని రెండు వైపులా చూడండి. చూసినంక కూడా అక్కడక్కడ వీడియోలు తెరిచి చివరిదాకా ఆడించండి, బొమ్మ కనపడుతుంది గానీ లోపల సగమే వచ్చిన ఫైళ్లు ఉంటాయి. అమ్మ చేతికే ఇచ్చి జేజి ఫోటోలు అన్నీ ఉన్నాయా అని అడగండి, ఆమెకు తెలిసినంత మీకు తెలీదు. రీసెట్‌కి ముందు సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ తీసేయండి, తీయకుండా రీసెట్ కొడితే ఫోన్ మళ్లీ పాత మెయిల్, పాస్‌వర్డ్ అడిగి అడ్డం పడొచ్చు. సిమ్, మెమరీ కార్డ్ తీసుకోవడం మర్చిపోవద్దు, కార్డులో ఫోటోలు ఉన్నా ఉంటాయి.

కేసీ_కెనాల్, కర్నూలు

మొత్తం 40 జీబీ ఎక్కించమని ఇంక నేను పట్టుబట్టను. జేజి ఫోటోలు, వీడియోలు, వాయిస్‌లు ఒక్క ఫోల్డర్‌లో వేయండి, అది 15 జీబీలో పట్టేస్తాది. వాయిస్‌లు ఫోటోస్‌లోకి పోవు కాబట్టి ఫోల్డర్‌ను అట్లే డ్రైవ్‌లో పెట్టండి, చిన్నాయనకు కూడా షేర్ చేయండి. ఈ రాత్రికే చేయండి.

గుత్తికోట_గాలి, అనంతపురం

ఆ ఒక్క ఫోల్డర్‌కి నేను కూడా అడ్డం చెప్పను. మిగతా అంతటికీ మాత్రం వైరే, ఆ మాట మార్చను. అక్కా, ల్యాప్‌టాప్ నుంచి కొత్త ఫోన్‌కి ఎక్కించేటప్పుడు ఒకేసారి అంతా లాగొద్దు, ఏడాదికొక ఫోల్డర్ చేసుకొని లాగండి, మధ్యలో ఆగితే యాడ ఆగిందో తెలుస్తాది.