చింతచెట్టు తొర్రలో తెల్లపురుగులు: చెట్టు కొట్టేయాల్నా?

గుత్తి దగ్గర మా చేను గట్టున జేజినాయన కాలం నాటి చింతచెట్టు ఉంది. మొన్న గాలివానకు పెద్ద కొమ్మ విరిగి తొర్ర బయటపడింది. చెయ్యి పెడితే మోచేతి లోతున కాఫీపొడి మాదిరి పుచ్చుపొడి. అందులో బొటనవేలంత తెల్లపురుగులు వంకర తిరిగి పడుకొని ఉన్నాయి. పక్కనే ఐదెకరాల వేరుశనగ. రెండేళ్ల కిందట వేరుపురుగుకు సగం పంట పోగొట్టుకున్నా, అందుకే టెన్షన్. కిరసనాయిలు పోసి కాల్చమని పక్క చేను మామ అంటున్నాడు. కట్టెల వ్యాపారి ఎల్లుండి వస్తాడు. నాకు మనసొప్పడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండన్నా.

జవాబు (కడప నుంచి):
కాల్చొద్దు తమ్ముడూ. వేరుపురుగు ఉండేది మట్టిలో, తినేది బతికున్న వేర్లు. పుచ్చు తినేవి వేరే. ఒకదాన్ని బండ మీద పెట్టి చూడు. వెల్లకిలా పడి, కాళ్లు పైకెత్తి, వీపుతో పాకితే అది పూల మీద వాలే పెంకుపురుగు లార్వా. వేరుపురుగు అట్లా పాకదు. నీ పంటకు అసలు కాపలా వేరే ఉంది: తొలకరి పడిన రాత్రుల్లో వేపకొమ్మలు దులిపి, రాలిన పెంకుపురుగుల్ని ఏరెయ్యి, వేరుపురుగులు పెరిగి అయ్యేది అవే.

జవాబు:
ఒక్క జాగ్రత్త. దగ్గర్లో కొబ్బరితోట ఉంటే కొబ్బరిని తొలిచే కొమ్ముపురుగు కాదని కూడా చూసుకోండి, అదీ పుచ్చులోనే పెరుగుతుంది. అది కాదని తేలితే చెట్టును వదిలెయ్యండి. ఇట్లాంటి తొర్ర తయారు కావడానికి దశాబ్దాలు పడుతుంది, మొక్క నాటితే వచ్చేది కాదు. స్వీడన్‌లో ఓక్ తొర్రల్లో బతికే ఓస్మోడెర్మా అనే అరుదైన పెంకుపురుగును గమనిస్తే, సుమారు 15 శాతమే పుట్టిన చెట్టు వదిలి వెళ్లాయట. చెట్టు పోతే మిగతావాటికి దిక్కేది? మీ ఊరి పేరున్న నీలం సాలీడు కూడా చెట్టుతొర్రల్లోదే. 1899లో దాని గురించి మొదట రాశారు. ఇప్పుడు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కాస్త మిగిలింది.

అడిగినవాణ్ణే:
పొద్దున వాకిట్లో కడప బండ మీద పెట్టినా. ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత వెల్లకిలా తిరిగి, ఆరు కాళ్లూ గాల్లో పెట్టి, జానెడు దూరం వీపుతోనే పోయింది! మామ కూడా వంగి చూసినాడు. మాకు కొబ్బరి లేదు. పురుగుల్ని పుచ్చుపొడితో సహా తొర్రలోనే పెట్టేసినా. వ్యాపారికి రావద్దని ఫోన్ చేసినా. విరిగిన కొమ్మను చెట్టు మొదట్లోనే పడుండనిస్తే మేలా అన్నా?

జవాబు (కడప నుంచి):
నీడలో పడుండనీ తమ్ముడూ. చెదలు పట్టినా కదిలించొద్దు.