పదో తరగతి పబ్లిక్: డిస్లెక్సియా ఉన్న పిల్లాడికి స్క్రైబా, అదనపు సమయమా, హిందీ మినహాయింపా?

ఆదోని_టీచర్:
తొమ్మిదో తరగతి పిల్లాడు. నోటితో అడిగితే సైన్స్, సోషల్ గడగడా చెప్తాడు. రాయమంటే ఒత్తులు, గుణింతాలు తారుమారు, గంటకు పేజీ దాటదు. హిందీ మరీ కష్టం. నాలుగో తరగతిలో తీసిన డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యం) సర్టిఫికెట్ ఉంది. వచ్చే మార్చి పబ్లిక్‌కు స్క్రైబ్ (పిల్లాడు చెప్తుంటే జవాబు రాసిపెట్టే మనిషి), అదనపు సమయం, హిందీ మినహాయింపు, మూడు వెసులుబాట్లూ పెట్టేయమని కొందరంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

భవిత_కడప:
సర్టిఫికెట్‌తో సార్. అది సరిగా లేకుంటే మిగతావేవీ నిలబడవు. 1995 వికలాంగుల చట్టంలో డిస్లెక్సియా ఊసే లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచినప్పుడు అభ్యసన వైకల్యం అందులో చేరింది. అదే చట్టం 17వ సెక్షన్‌లో అదనపు సమయం, స్క్రైబ్, రెండో మూడో భాషల మినహాయింపు, మూడూ రాసిపెట్టి ఉన్నాయి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. 2018 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అభ్యసన వైకల్యాన్ని 8 ఏళ్లకు నిర్ధారించి, 14కు, 18కి మళ్లీ పరీక్షించాలి. నాలుగో తరగతి కాగితం మీద ఆధారపడొద్దు. ఈ వేసవిలోనే మీసేవలోనో సచివాలయంలోనో సదరం (ప్రభుత్వ ఆసుపత్రిలో వైకల్య నిర్ధారణ) స్లాట్ తీసుకోండి. ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్ట్ ఏ రోజు ఉంటారో ముందే కనుక్కోండి, లేకపోతే ఆ రోజు వెళ్లిరావడం వృథా. పాత రిపోర్టుతో పాటు పిల్లాడి నోట్‌బుక్కులు, దిద్దిన జవాబు పత్రాలు పట్టుకెళ్లండి. ఆధార్‌లో, స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్‌లో, సర్టిఫికెట్‌లో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒక్కటిగా ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు వెనక్కొస్తుంది.

గుత్తి_మాస్టారు:
స్క్రైబ్ గురించి నేను చెప్తా. మన ఏపీ టెన్త్ బోర్డు పరీక్షకు స్క్రైబ్ తొమ్మిది లేదా అంతకన్నా కింది తరగతి పిల్లలై ఉండాలి. నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) వేసేటప్పుడే హెచ్‌ఎం లాగిన్‌లో వైకల్యం వివరాలు పడాలి, స్క్రైబ్ అనుమతికి డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసుకు పంపాలి. హాల్‌టికెట్ వచ్చాక పరుగులు పెడితే ఎవరూ ఏమీ చేయలేరు.

అనుమతి రావడం సగం పనే. చెప్పి రాయించడం వేరే విద్య. లెక్కల్లో ‘రూట్ ఏ ప్లస్ బీ’ అంటే రూట్ ఏ దాకానా, రెండింటి మీదనా? ‘బ్రాకెట్ మొదలు, బ్రాకెట్ ముగింపు’ అని చెప్పడం పిల్లాడికి, విన్నది విన్నట్టే రాయడం స్క్రైబ్‌కు అలవాటు కావాలి. బోర్డు పరీక్ష నాడు ఇద్దరూ కొత్తవాళ్లయితే ముప్పావుగంట అక్కడే పోతుంది. స్కూల్లో పెట్టే ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షలన్నీ ఇదే పద్ధతిలో రాయించండి. పేపర్ చదవడమే కష్టమైతే ప్రశ్నను స్క్రైబ్ చేత రెండుసార్లు చదివించుకోవడం కూడా నేర్పాలి.

ఆదోని_టీచర్:
చాలా ఉపయోగపడింది సార్. సదరంలో వైకల్యం 40 శాతం కన్నా తక్కువని వేస్తే?

భవిత_కడప:
అక్కడితో ఆగిపోవద్దు. రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు స్క్రైబ్ ఇవ్వడానికి 40 శాతం ఉండి తీరాలనడం కుదరదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో చెప్పింది. దాని తర్వాత 2022 ఆగస్టులో కేంద్రం 40 లోపు వాళ్లకూ మార్గదర్శకాలిచ్చింది. ‘ఇతనికి రాయడంలో ఇబ్బంది ఉంది’ అని డాక్టర్ల బృందం విడిగా రాసివ్వాలి. శాతం మాత్రమే ఉన్న కాగితం సరిపోదు. ఆ ప్రతి జత చేసి హెచ్‌ఎం ద్వారా అర్జీ పెట్టించండి, రసీదు తీసుకోండి.

ప్రొద్దుటూరు_లెక్చరర్:
హిందీ మినహాయింపు విషయంలో తొందరపడొద్దు. మిగతా సబ్జెక్టులకు 35 కావాలి, హిందీకి 20 చాలు. స్క్రైబ్‌తో 20 తెచ్చుకోగలిగితే రాయించడమే మేలని నా అభిప్రాయం. ఒక సబ్జెక్టు మార్కులు లేని మెమో తర్వాత ఏ కౌంటర్ దగ్గర ఇబ్బంది పెడుతుందో చెప్పలేం. 2024లో ఇంటర్లో అదే జరిగింది. లాంగ్వేజ్ మినహాయింపు తీసుకున్న దివ్యాంగ విద్యార్థుల మెమోలో మార్కుల బదులు మినహాయింపుకు గుర్తుగా ‘ఈ’ అక్షరం పడింది. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో ఐదు సబ్జెక్టుల మార్కులు అడగడంతో ఐఐటీ సీట్లే చేజారే స్థితి వచ్చింది. చివరికి రాష్ట్ర ప్రభుత్వం జీఓ ఇచ్చి ఆ సబ్జెక్టుకు కనీస మార్కులు చూపించాక గట్టెక్కారు. నిజంగా 20 కూడా రాని పిల్లాడికైతే మినహాయింపు హక్కు, నిస్సంకోచంగా తీసుకోండి.

గుత్తి_మాస్టారు:
అదనపు సమయం మాత్రం కచ్చితంగా అడగండి. కేంద్ర మార్గదర్శకం గంటకు 20 నిమిషాలకు తగ్గొద్దంటుంది, అంటే 3 గంటలకు ఒక గంట. ప్రశ్నపత్రం చదువుకోవడానికి ఇచ్చే 15 నిమిషాలతో కలిపి తొమ్మిదిన్నరకు మొదలైన పేపర్ 12:45 దాటి 1:45 దాకా సాగుతుంది. మార్చి ఎండలో మన వైపు గదులు ఎట్లా కాలతాయో తెలుసు కదా. పరీక్షా కేంద్రం చీఫ్ సూపరింటెండెంట్‌ను ముందురోజే కలిసి కింది అంతస్తులో, ఫ్యాన్ తిరిగే విడి గది అడగండి. స్క్రైబ్‌తో మాట్లాడుతూ రాయాలి కాబట్టి అది మిగతా పిల్లలకూ అవసరమే. మిగిలిన పిల్లలు బయటికెళ్లే గోలలో ఇన్విజిలేటర్ ఈ పేపర్ కూడా లాగేసుకోకుండా, అనుమతి పత్రం జిరాక్స్ ఒకటి పిల్లాడి చేతికివ్వండి.