కాబో సాన్ లూకస్‌లో ఒక పూట టూర్, పడవ షికారు: మోకాళ్ళ నొప్పులవాళ్ళకు కుదురుతుందా?

బానసవాడి_అమ్మ:

అందరికీ నమస్కారం. మాది నంద్యాల, బెంగళూరు బానసవాడిలో స్థిరపడ్డాం. మా అబ్బాయి శాన్ డియేగోలో ఉంటాడు. జనవరిలో మేమిద్దరం వాడి దగ్గరికి వెళ్తున్నాం. వాడు మమ్మల్ని ఒక్కమాట అడక్కుండా మెక్సికోలో కాబో సాన్ లూకస్ అనే ఊళ్ళో మూడు రాత్రులకి రిసార్ట్ బుక్ చేసేశాడు. "సముద్రం చూస్తూ కూర్చోండమ్మా, చాలు" అంటాడు. సముద్రం చూడ్డానికైతే రాత్రి రైలెక్కితే పొద్దున్నకి చెన్నైలో ఉంటాం కదా అని మావారి గొణుగుడు.

సరే, బుక్ అయిపోయింది. ఇప్పుడు రిసార్ట్ వాళ్ళు ఒక పూట టూర్ ఉందని మెయిల్ పంపారు. పొద్దున ఎనిమిదిన్నరకు వ్యాన్‌లో ఎక్కించుకుని సాన్ హోసే డెల్ కాబో అనే పాత ఊరు, అక్కడి చర్చి, ఒక గాజు కార్ఖానా, టెకీలా అనే మెక్సికో మద్యం రుచి చూపించే చోటు, ఆఖర్న అడుగున అద్దం ఉన్న పడవలో రాతి ఆర్చ్ దాకా తిప్పి ఒంటిగంటన్నరకి దింపుతారట. గైడ్ ఇంగ్లీషులో చెప్తాడట. ఆ రోజు మా అబ్బాయికి ఆఫీసు కాల్స్ ఉన్నాయి, మేమిద్దరమే వెళ్ళాలి.

మావారికి రెండు మోకాళ్ళూ అరిగాయి. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఆగిపోతే ఆ రోజు ఆయన కిందికి దిగరు. పడవలోకి ఎక్కడం, దిగడం ఎలా ఉంటుంది? నాకేమో శ్రీశైలం పాతాళగంగలో బోటు ఎక్కితేనే కళ్ళు తిరిగాయి, అది సముద్రమాయె. వ్యాన్ అంతా మానేసి పడవ ఒక్కటే ఎక్కితే మంచిదా? వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

కేఆర్‌పురం_రిటైర్డ్:

అమ్మా, నమస్తే. మేం పోయినేడు ఫిబ్రవరిలో మా అమ్మాయి కుటుంబంతో వెళ్ళాం, దాదాపు ఇదే టూర్. ముందే చెప్తున్నా, ఇందులో అసలు సరుకు ఆ పడవే. మిగతాది సగం ఊరు, సగం కొట్లు. అయినా మీ ఇద్దరికీ నేను వ్యాన్‌తో కలిపే తీసుకోమంటాను. ఎందుకో కిందికి చదివితే తెలుస్తుంది.

రెండు ఊళ్ళ మధ్య ముప్పై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఒక పక్క ఎడారి, ఇంకో పక్క సముద్రం. మేడంత ఎత్తు బ్రహ్మజెముడు చెట్లు, వాటి వెనకే నీలం నీళ్ళు. ఎడారి వచ్చి సముద్రంలో దిగడం నేనెప్పుడూ చూడలేదు. కర్కట రేఖకు కాస్త కిందనే, మన కోల్‌కతాకి దగ్గరి అక్షాంశం. జనవరిలో పగలు హాయిగా ఉంటుంది, సాయంత్రానికి పలచటి స్వెటర్ చాలు. వానలు ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబరు దాకానే, తుఫాన్లూ అప్పుడే. 2014 సెప్టెంబరులో ఓడీల్ తుఫాను ఈ ఊళ్ళనే చావగొట్టింది. మీరు వెళ్ళే నెలకు ఆ భయం లేదు.

సాన్ హోసేలో చర్చి చిన్నదే. 1730లో జెసూట్ పాదిరీలు అక్కడ మిషన్ పెట్టారు. గుమ్మం పైన రంగు పెంకులతో ఒక బొమ్మ ఉంటుంది, మామూలు అలంకారమనుకుని దాటి వెళ్ళిపోకండి. ఆ మిషన్ పెట్టిన పాదిరీ నికొలాస్ తమరాల్‌ని చంపుతున్న దృశ్యం అది. అక్కడి పెరికూ అనే జాతివాళ్ళలో ఒకరికి మించి భార్యలుండటం ఆచారం. పాదిరీలు అది మానాలని పట్టుబట్టారు. కోపాలు ముదిరి 1734లో తిరుగుబాటు లేచింది. తర్వాత ఆ జాతే రోగాలకూ సైన్యానికీ బలై కొన్ని దశాబ్దాల్లో లేకుండా పోయింది. ఇంత కథని మా గైడ్ అర నిమిషంలో ముగించి "ఇప్పుడు వెండి కొట్టుకి వెళ్దాం" అన్నాడు! నాకు ఒళ్ళు మండింది. మీరైనా అడగండి, అడిగితే చెప్తారు. చర్చి ముందు నీడలో బెంచీలున్నాయి. సార్‌ని అక్కడ కూర్చోబెట్టి మీరు వీధులు చూసి రావచ్చు.

గాజు కార్ఖానా బాగుంటుంది. కొలిమి ముందు నిలబడి గొట్టంతో ఊదుతూ మన కళ్ళముందే గ్లాసు చేస్తారు. పది నిమిషాలు. ఆ తర్వాత షోరూమ్‌లో అరగంట, అది మన కోసం కాదు, వాళ్ళ కోసం. వెండి కొంటే 925 ముద్ర చూసుకోండి. చెప్పిన ధరకి కొనేవాళ్ళు అమెరికావాళ్ళు మాత్రమే. టెకీలా దగ్గర వద్దంటే ఎవరూ బలవంతం చెయ్యరు.

ఇక పడవ. మెరీనాలో, అంటే పడవల రేవులో ఎక్కిస్తారు. అక్కడి పలకల వంతెన నీళ్ళ మీద తేలుతుంటుంది, అందుకని ఆటుపోట్లను బట్టి పడవ ఎత్తు పెద్దగా మారదు. ఒడ్డు నుంచి ఆ తేలే వంతెన మీదికి దిగే వాలు మాత్రం పోటు తగ్గినప్పుడు ఏటవాలుగా ఉంటుంది. కమ్మీ ఉంది, పట్టుకుని నెమ్మదిగా దిగాలి. పడవలోకి ఒక అడుగు ఎత్తి వెయ్యాలి. పడవవాళ్ళు మోచేయి గట్టిగా పట్టుకుంటారు. మా ఆవిడకీ మోకాళ్ళ నొప్పులే, ఇబ్బంది పడలేదు.

అడుగు అద్దం మీద ఆశలు పెట్టుకోకండి. ఆకుపచ్చ నీళ్ళు, చారల చేపలు, అంతే. చూడాల్సింది బయట. ముందు పెలికన్ రాక్, దాని మీద పేరుకు తగ్గట్టే పక్షులు. అక్కడే నీళ్ళలో లోతైన అగాధం మొదలవుతుందట, ఇసుక జలపాతంలా జారి అందులో పడుతుందని స్కూబా దిగేవాళ్ళు చెప్తారు. తర్వాత సీ లయన్లు. వాసన ముందు వస్తుంది, జంతువు తర్వాత కనిపిస్తుంది. రాళ్ళ మీద పడుకుని ఆవులిస్తూ మన వైపు చూస్తాయి. ఆ పైన లవర్స్ బీచ్, దాని వెనక్కి పసిఫిక్ వైపు డివోర్స్ బీచ్. మా అల్లుడు ఈ రెండు పేర్లూ చదివి నా మొహం చూశాడు, నేను సముద్రం చూశాను.

ఆర్చ్ కొసన ఉంటుంది. ఇటు కోర్టెస్ సముద్రం, అటు పసిఫిక్, మధ్యలో గ్రానైట్ గుమ్మం. పడవ దాన్ని దాటి పసిఫిక్ వైపు తిరిగినప్పుడు అల లేపుతుంది. రెండు మూడు నిమిషాలు బీఎంటీసీ బస్సులో వెనక సీటు అనుకోండి. మీ కళ్ళు తిరగడానికి అసలు కారణం మాత్రం ఆ అడుగు అద్దమే అవుతుంది. కిందికే చూస్తూ కూర్చుంటే కడుపులో తిప్పుతుంది. మధ్య బెంచీలో కూర్చుని దూరంగా ఆకాశం, నీళ్ళు కలిసే గీత చూడండి. మీ డాక్టరుని అడిగి అవోమిన్ లాంటిది పట్టుకెళ్ళండి, కళ్ళు తిరగడం మొదలయ్యాక కాదు, ఎక్కడానికి ముందే వేసుకోవాలి.

ఇంకొకటి. అలలు పెద్దవైతే అక్కడి పోర్టు అధికారులు చిన్న పడవలకు దారి మూసేస్తారు. అందుకని టూర్ ఆఖరి రోజుకి పెట్టుకోకండి. చేరిన మర్నాడే పెట్టుకుంటే, మూసినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది.

బెళ్ళందూర్_బైకర్:

ఆంటీ, నేనైతే టూర్ వద్దంటాను. సార్ రాసిందే చూడండి, కొట్లలో పోయేదే సగం టైమ్. టాక్సీ ఎక్కి నేరుగా మెరీనాకి వెళ్ళండి, వాటర్ టాక్సీలు వరసగా ఉంటాయి, బేరమాడి ఎక్కడమే. మెదానో బీచ్ ఇసుక మీది నుంచి కూడా ఎక్కొచ్చు. లవర్స్ బీచ్‌లో దింపి చెప్పిన టైమ్‌కి మళ్ళీ వచ్చి ఎక్కించుకుంటారు. మీ ప్రోగ్రాం మీ చేతిలో ఉంటుంది.

అసలు జాగ్రత్త వేరే చోట కావాలి. ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ దాటగానే ఒక హాలు వస్తుంది. టై కట్టుకున్నవాళ్ళు "మీ టాక్సీ ఇటు" అని పిలుస్తారు. వాళ్ళు టాక్సీవాళ్ళు కాదు, టైమ్‌షేర్, అంటే ఏటా కొన్ని రోజులు రిసార్ట్‌లో ఉండే హక్కు అమ్మేవాళ్ళు. ఆగకుండా, కళ్ళు కలపకుండా తలుపు దాటి బయటికి నడవాలి, బుక్ చేసుకున్న బండి బయటే ఉంటుంది. రిసార్ట్‌లో కూడా ఒక డెస్క్ ఉంటుంది. "పడవ టూర్ ఉచితం, రేపు మాతో బ్రేక్‌ఫాస్ట్ చెయ్యండి, 90 నిమిషాలే" అంటారు. మా కజిన్ వాళ్ళు ఒక రిసార్ట్‌లో అలాగే కూర్చుంటే మధ్యాహ్నం భోజనం వేళకి గానీ వదల్లేదు, ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు మేనేజర్లు వచ్చారట. మీకొచ్చిన మెయిల్ ఆ డెస్క్ నుంచి కాదు కదా? ధర రాసి ఉందా, చూసుకోండి.

కేఆర్‌పురం_రిటైర్డ్:

బాబూ, టైమ్‌షేర్ సంగతి బాగా గుర్తు చేశావు. వాటర్ టాక్సీ మాట మాత్రం ఒప్పుకోను. ఇసుక మీది నుంచి ఎక్కాలంటే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి అల వచ్చి వెళ్ళే సందులో పడవ అంచు మీదికి కాలు ఎత్తాలి. లవర్స్ బీచ్‌లో దిగడమూ అంతే, అక్కడ జెట్టీ లేదు, నీడ లేదు, బాత్రూమ్ లేదు. పాతికేళ్ళవాడికి అది సరదా. మోకాలు అరిగినవాడికి ఫిజియోథెరపీ బిల్లు. డివోర్స్ బీచ్ వైపైతే ఎవరూ నీళ్ళలోకి దిగనే కూడదు, అల మనిషిని లాగేస్తుంది.

వ్యాన్ ఎందుకన్నానంటే, గుమ్మం ముందు ఎక్కించుకుని గుమ్మం ముందు దింపుతారు, నడక తక్కువ, మధ్యలో బాత్రూమ్ దొరుకుతుంది, అబ్బాయి పక్కన లేకపోయినా మాటసాయానికి గైడ్ ఉంటాడు. ఆ కొట్లను ఈ సుఖానికి కట్టే పన్ను అనుకోవాలి.

బానసవాడి_అమ్మ:

ఇద్దరికీ చాలా థాంక్స్. బైకర్ బాబూ, మెయిల్‌లో ధర రాసి ఉంది, ఉచితం అన్న మాట లేదు. ఆ డెస్క్ సంగతి మా అబ్బాయికి కూడా పంపాను. "నాకు తెలుసమ్మా" అన్నాడు, అంటే తెలీదనే అర్థం.

ఇంకో దిగులు తిండి. మేం గుడ్డు కూడా ముట్టం. వీసా విషయం ఎవరైనా ఖాయంగా చెప్పగలరా? మెక్సికోకి వేరే వీసా తీసుకోవాలని మా ఆడపడుచు భయపెడుతోంది.

జయనగర్_శాకాహారి:

వదినా, తిండి గురించి నేను చెప్తాను. "వెజిటేరియన్" అంటే సరే అంటారు, కానీ చేప పరవాలేదనుకునేవాళ్ళున్నారు. విడమరిచి చెప్పాలి. సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ వెవో. మాంసం, కోడి, చేప, గుడ్డు వద్దని. అన్నిటికంటే ముఖ్యం సిన్ మాంతేకా, అంటే పంది కొవ్వు లేకుండా. రుబ్బినట్టుండే బీన్స్‌లో అది వేసి వండటం మామూలు. అన్నం చూడ్డానికి టమాటా అన్నంలా ఉంటుంది, కోడి రసంలో ఉడికించి ఉండొచ్చు. అడక్కుండా తినకండి. రొట్టెల్లాంటి టోర్టిల్లాల్లో మొక్కజొన్నవి తీసుకోండి, మైదావాటిలో కూడా కొవ్వు కలిపేవాళ్ళున్నారు. చీజ్ పెట్టి మడిచిన రొట్టె కేసదియా, అవకాడో పచ్చడి గ్వాకమోలే, నోపాల్ అనే జెముడు ఆకు కూర, ఇవి నిశ్చింతగా తిన్నాను. మామిడి ముక్కల మీద కారం, నిమ్మరసం చల్లి అమ్ముతారు, చింతపండు మిఠాయిల్లోనూ కారమే. అన్నయ్యగారికి అక్కడ నోరు చప్పబడదు. టూర్ రోజున మధ్యాహ్న భోజనం రిసార్ట్‌కి వచ్చాకే చెయ్యండి. సంచిలో జంతికలో, ఖాక్రానో పెట్టుకోండి.

వీసాకి కంగారు పడకండి. పాస్‌పోర్ట్‌లో గడువున్న అమెరికా వీసా ఉంటే మన పాస్‌పోర్ట్‌వాళ్ళకు మెక్సికో టూరిస్టు వీసా అక్కర్లేదు. మీది ఎక్కువసార్లు ప్రవేశానికి పనికొచ్చేదేనా అని చూసుకోండి, తిరిగి అమెరికాలోకి రావాలి కదా. మీకంటే మీ అబ్బాయిది ముందు చూడమనండి. హెచ్‌వన్‌బీ మీద ఉండి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు దాటిపోతే, కంపెనీ కాగితం ఉంది కదా అంటే మెక్సికోవాళ్ళకు అది చాలదు.

డబ్బు సంగతి ఒకటి. మెక్సికో డబ్బు పెసోకి కూడా అక్కడ డాలర్ గుర్తే వేస్తారు. మెనూలో 180 అని చూసి గుండె పట్టుకోకండి, అది పెసోల్లో. కార్డు గీసేటప్పుడు రూపాయల్లోనా పెసోల్లోనా అని మెషిన్ అడిగితే పెసోలే నొక్కండి. గైడ్‌కి, పడవవాళ్ళకి టిప్పు ఇవ్వడం అక్కడ మామూలే. డాలర్లయితే నోట్లే ఇవ్వండి, నాణేలు వాళ్ళకు మారవు. మెరీనాలో డాక్ ఫీజు వేరుగా అడిగితే మోసమనుకోకండి, చిన్న మొత్తమే.

జనవరి అంటున్నారు కాబట్టి చెప్తున్నా, తిమింగలాల కాలం అది. డిసెంబరు నడిమి నుంచి ఏప్రిల్ నడిమి దాకా హంప్‌బ్యాక్‌లు ఆ వెచ్చటి నీళ్ళకు పిల్లల్ని కనడానికి వస్తాయి. వేరే టూర్ కొనాల్సిన పని లేదు. పడవ ఆర్చ్ దగ్గర తిరిగేటప్పుడు పసిఫిక్ వైపు ఒక కన్నేసి ఉంచండి. రిసార్ట్ బాల్కనీ నుంచి కూడా నీటి చిమ్ములు కనిపించొచ్చు.

బానసవాడి_అమ్మ:

అందరికీ పేరుపేరునా థాంక్స్. చేరిన మర్నాడు పొద్దుటి టూరే తీసుకున్నాం. పడవ తేలే వంతెన మీది నుంచే ఎక్కిస్తారా, ఇసుక మీది నుంచా అని మా అబ్బాయితో మెయిల్ పెట్టించాను. వంతెన మీది నుంచే అని జవాబొచ్చింది. వాడి స్టాంప్ గడువు వచ్చే ఏడాది దాకా ఉందట, పాస్‌పోర్ట్ ఫోటో తీసి పంపమని చూసుకున్నాను. అవోమిన్ గురించి మా డాక్టరుగారిని శనివారం అడుగుతాను.

వెండి కొట్టూ, టెకీలా చోటూ తీసేసి చర్చి దగ్గర ఎక్కువసేపు ఆపుతారా అని కూడా రాయిద్దామనుకున్నాను. వెండి తీసెయ్యమను, రెండోది ఉండనీ అంటున్నారు మావారు.